నెట్ కార్డుకి చేసిన చాల్య

జనవరి 29, సోమవారం

పొద్దున షట్టర్ సగం ఎత్తానో లేదో, ముక్కుదాకా మఫ్లర్ చుట్టుకుని ఎవరో నిలబడి ఉన్నారు. చేతిలో బరువైన సంచీ. గిరాకీలందర్నీ పిలిచే అలవాటు కొద్దీ “ఏం కావాలి కసేరా?” అన్నాను. మఫ్లర్ కిందికి లాగింది. చూస్తే మా చెల్లెలు ఫెలీసా.

“నన్ను కూడా కసేరా అంటావేంటక్కా? వచ్చే పోయే గిరాకీనా నేను?” అని మూతి తిప్పింది.

“గిరాకీవైతే బాగుండేదే. నాలుగు డబ్బులైనా రాలేవి.”

సంచీలోంచి లాప్‌టాప్ తీసింది. ఇటుకంత మందం, ఇటుకంత బరువు. వాళ్ళ చర్చిలో ఎవరో ఇచ్చారట. అన్నీ పనిచేస్తున్నాయి, నెట్ మాత్రం రావడం లేదు. లోపలి వైఫై కార్డు చచ్చిపోయింది. అదేమంత పెద్ద రోగం కాదు.

అది ఎందుకు కావాలో అప్పుడు చెప్పింది. వచ్చే నెల పదహారో తారీకు శుక్రవారం నర్సు సహాయకుల కోర్సుకి ప్రవేశ పరీక్షట. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద రాయాలి. ఫోన్ పనికిరాదు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, కెమెరా చూస్తూనే ఉంటుంది. అందుకని ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళడానికీ లేదు. నలభై నిండితే తీసుకోరు. దానికి జూన్‌లో నిండుతాయి. ఏడాదికొక్కసారే పరీక్ష.

చిన్నప్పుడు వీధికుక్క కాలికి కూడా కట్టు కట్టేది. బండి మీద వేడి మొక్కజొన్న జావ, అపి, అమ్ముకుంటూ, రాత్రి బడికి వెళ్ళి పన్నెండో తరగతి పూర్తి చేసింది. నాకు చెప్పకుండా ఫారం కూడా నింపేసింది చూడు!

“నీ చేతుల్లో పెడుతున్నా అక్కా” అంది.

జనవరి 31

కొత్త కార్డు పెట్టాను. ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు: ఈ కార్డుకి అనుమతి లేదు, తీసెయ్యండి. అంతే, ముందుకు కదలదు. ఈ పాత మెషీన్లకి ఎంత పొగరో! తయారు చేసినవాడు ఒప్పుకున్న కార్డు తప్ప ఇంకోదాన్ని గడప తొక్కనివ్వవు. దీని ఈడుదే, దీని జాతిదే ఇంకోటి వెతకాలి.

ఫిబ్రవరి 1, గురువారం

సంతకి వెళ్ళాను. క్రిసోలొగో ఎప్పటిలాగే నేల మీద టార్పాలిన్ పరిచి మెషీన్ల పేగులన్నీ కుప్ప పోసి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుట్టంతా గాలించాను. చివరికి దొరికింది. కార్డు అంచున బంగారు పళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఒక్కటీ అరగలేదు.

“పనిచేస్తుందా ఇది?”

“పనిచెయ్యకపోతే తెచ్చిచ్చెయ్ సెవెరీనా. నేనెక్కడికి పోతాను? ఇరవై ఏళ్ళుగా ఇదే రాయి మీద కూర్చున్నాగా.”

“ఆ రాయి కూడా నిన్ను చూసి విసుగెత్తిపోయింది.”

వాడితో మాట్లాడితే ఎందుకో హుషారు వస్తుంది.

ఫిబ్రవరి 4

కార్డు ఒప్పుకుంది! ఏటవాలుగా గాడిలో దూర్చి, నెమ్మదిగా పడుకోబెట్టి, రెండు మరలు బిగించాను. ఆ తర్వాత సిగ్నల్ అందుకునే తీగలు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. వాటి కొసలు కందిబద్దలో సగం కూడా ఉండవు, కళ్ళజోడు పెట్టుకున్నా వేలి కింద టిక్కుమనేదాకా నమ్మకం కుదరదు. రెండూ టిక్కుమన్నాయి. తెల్ల తీగ మడతబందు దగ్గర నలిగి ఉంది. ఇంకో పాత మెషీన్‌లోంచి తీగ లాగి వేశాను.

రోజంతా నెట్ ఆడింది. మా షాపులున్న గ్యాలరీ ఆ చివరికి తీసుకెళ్ళినా పోలేదు. నా పనికి నేనే శభాష్ అనుకున్నాను. అనేవాళ్ళు వేరే ఎవరున్నారు గనక?

ఫిబ్రవరి 8

ఫెలీసా వచ్చి నా బల్ల దగ్గరే కూర్చుని ఉత్తుత్తి పరీక్ష రాసుకుంది. ప్రశ్నలు పైకి చదువుతుంది, పెదాలు ఆడిస్తూ జవాబు నొక్కుతుంది. కాలిన గాయం మీద ముందు ఏం చెయ్యాలి, నాడి ఎక్కడ చూడాలి. నాకొక్కటీ తెలియలేదు. అది ఒక్కటీ తప్పలేదు.

ఇంటికి పట్టుకెళ్ళమంటే “బుధవారం తీసుకెళ్తా, కార్నివాల్ పండగ రోజుల్లో మా వీధంతా తాగుబోతులే” అంది.

“మంచిదే. మంగళవారం నా సామానుతో పాటు దీనికీ చాల్య చేసి ఇస్తాను. పూలు జల్లి, రంగు కాగితాలు చుట్టి, నాలుగు చుక్కలు...”

దాని మొహం మారిపోయింది. “వద్దక్కా. నా వస్తువుకి వద్దు.”

“ఏమే, కొత్తగా ప్రాణం పోసుకున్న వస్తువు. పచమామకి చెప్పకుండా వాడతావా? నేలతల్లికి ఒక్క గుక్క ఇవ్వకపోతే తనే లాక్కుంటుంది.”

“నేను నమ్మేది ఒక్క ప్రభువునే, నీకు తెలుసు. పైగా బీరు వాసనే నాకు గిట్టదు. అనస్తాసియో ఎలా పోయాడో మర్చిపోయావా?”

మర్చిపోలేదు. దాని మొగుణ్ణి రోడ్డు మీంచి ఎత్తుకొచ్చిన నలుగురిలో నేనూ ఉన్నాను.

“ఒక్క చుక్క కూడా వెయ్యనని మాటివ్వు.”

“సరే లేవే తల్లీ. ఇచ్చాను.”

ఫిబ్రవరి 13, చాల్య మంగళవారం

అబ్బ, ఏం పండగ! షాపంతా రంగు కాగితపు తోరణాలు, నెత్తి నిండా గులాబీ రంగు కాగితపు పొడి. పక్కషాపు ఇపోలితో రెండు పెట్టెల బీరు తెచ్చాడు. నాలుగు మూలలా చిలకరించాం. సోల్డరింగ్ కడ్డీకి, స్క్రూడ్రైవర్లకి, షట్టర్‌కి, దేన్నీ వదల్లేదు. గ్యాలరీ కింద బాండు వాయించారు. కాళ్ళు ఇంకా నొప్పులే.

ఫెలీసా మెషీన్ కూడా బల్ల మీదే ఉంది మరి. అన్నిటికీ చేసి దానికొక్కదానికే చెయ్యకపోతే ఎలా? అసలే ఫెలీసా బతుకంతా ఈ మెషీన్ మీదే ఉంది. మూడు చుక్కలు. పచమామకి, ఫెలీసాకి, నాకు. దానికి తెలిస్తేగా.

ఫిబ్రవరి 14

ఫెలీసా వచ్చి తీసుకెళ్ళింది. తుడిచి, సంచీలో పెట్టి ఇచ్చాను. ఆన్ చేసి చూపించాను, నెట్ వచ్చింది. చెంప మీద ముద్దు పెట్టి, “పాసైతే మొదటి ఇంజెక్షన్ నీకే” అంది.

తల ఇంకా పగిలిపోతోంది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

మధ్యాహ్నం వచ్చింది. మంచి పావడా కట్టుకుంది, జడలు నున్నగా అల్లుకుంది. మొహం చూస్తే పాసైందేమో అనుకున్నాను, అంత నిమ్మళంగా ఉంది. లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది.

“నీ దగ్గరే ఉంచు అక్కా. ఇక నాకక్కర్లేదు.”

మొదటి పావుగంట బాగానే రాసిందట. తర్వాత నెట్ పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. కెమెరా ముందు నుంచి లేవకూడదు కాబట్టి నాకు ఫోన్ కూడా చెయ్యలేదు. కుర్చీలోనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుందట. “ప్రభువా, ఈ పని నీ చిత్తమైతే నెట్ నిలబెట్టు. కాకపోతే తీసెయ్, నేను బాధపడను” అని. కళ్ళు తెరిచేసరికి నెట్ వచ్చి ఉంది. రెండు ప్రశ్నలు రాసింది. మళ్ళీ పోయింది. ఇక రాలేదు.

“అంత స్పష్టంగా చెప్పాక నేనేం చెయ్యను అక్కా?”

“పిచ్చిదానా, నెట్ పోతే దేవుడేం చేస్తాడే! నువ్వు వాడుకునే పక్కింటివాళ్ళ వైఫై బాగుండి ఉండదు.”

“పక్కింటావిడ ఫోన్‌లో ఆ టైమంతా సినిమా చూసిందట. ఒక్కసారి కూడా ఆగలేదంది.”

నెట్ పోయినవాళ్ళు వచ్చే బుధవారం సాయంత్రం లోపల ఫోన్ చేసి చెబితే, శనివారం కాలేజీకే పిలిపించి రాయిస్తారట. అయితే ఇప్పుడే చెయ్యవే అని నా ఫోన్ తీసి చేతిలో పెట్టాను. తిరిగి నా చేతిలోనే పెట్టింది.

“అడిగింది నేనే. ఆయన జవాబు చెప్పాడు. నచ్చలేదని మళ్ళీ అడగనా?”

వెళ్ళిపోయింది. ఆ క్రిసోలొగోగాడు చచ్చు కార్డు అంటగట్టాడు. ఆదివారం సంతలో వాడి సంగతి చెబుతాను.

ఫిబ్రవరి 17

మెషీన్ విప్పాను.

కార్డు పళ్ళ మీద పచ్చగా జిగురు. వేలు పెడితే అంటుకుంటోంది. గాడి అడుగున గులాబీ రంగు కాగితం ముక్క. క్రిసోలొగో అమ్మినప్పుడే ఏదో మరక ఉండి ఉంటుంది. లేదా చర్చిలో ఎవరో కాఫీ ఒలకబోసుకుని ఉంటారు. పాత మెషీన్ కదా, ఎన్ని చేతులు మారిందో.

బోర్డులు కడిగే ఆల్కహాల్‌తో కడిగాను, రబ్బరుతో పళ్ళు రుద్దాను, ఆరబెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆన్‌లోనే పెట్టాను. మెషీన్ కాలిపోయేంత వేడెక్కింది. నెట్ ఒక్కసారి కూడా పోలేదు.

ఫిబ్రవరి 18

సంతకి వెళ్ళలేదు. క్రిసోలొగో మీద అరవడానికి నాకు నోరు రాలేదు.

మూడు చుక్కలు కాదు. మూత మీద చిలకరించి ఊరుకుంటే ఏమీ అయ్యేది కాదు. కొత్తగా వచ్చింది కార్డు కదా, చాల్య చేస్తే కార్డుకే చెయ్యాలి అని ఇపోలితోతో వాదించి, కింది మూత విప్పింది నేనే. ప్రతి ఏడాదీ మెషీన్లకైతే ఆల్కహాలే వాడతాను, అది ఎగిరిపోతుంది కాబట్టి. ఆ రోజు చేతిలో ఉన్నది బీరు గ్లాసు. బీరులో చక్కెర ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపూ ఊరుకుంటుంది, మెషీన్ వేడెక్కగానే పళ్ళ మధ్య పాకం కడుతుంది. ఇలాంటి మెషీన్లు ఎన్ని బాగుచేశానో! ప్రతి కార్నివాల్ తర్వాతా నలుగురైదుగురు పట్టుకొస్తారు, నేను వాళ్ళందరికీ చివాట్లు పెట్టి పంపిస్తాను.

రేపు పొద్దున వెళ్ళి చెప్పేస్తాను.

ఫిబ్రవరి 19

వెళ్ళాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఫెలీసా బండి చుట్టూ డ్రైవర్లు మూగి ఉన్నారు. నన్ను చూడగానే పెద్ద గ్లాసులో అపి పోసి, పైన చీజ్ పెట్టి వేయించిన పాస్తెల్ పెట్టి ఇచ్చింది. సగం తాగగానే కొసరు పోసింది. నా దగ్గర ఏనాడూ డబ్బు తీసుకోలేదు.

“కళ్ళు వాచాయేంటక్కా? నిద్ర పోలేదా?”

“జలుబు.”

“నాకోసం బెంగపెట్టుకుంటున్నావు, నాకు తెలుసు. నాకు బాగానే ఉందక్కా. ఒక్కటే ఆలోచిస్తున్నా, ఆయనకి నామీద ఏం కోపం వచ్చి ఉంటుందా అని. ఏదో పొరపాటు చేసుంటాను. గర్వపడ్డానేమో. పన్నెండో తరగతి కాగితం ఫ్రేము కట్టించుకున్నానుగా, నిన్న గోడ మీంచి తీసేశా.”

చెప్పాల్సింది అప్పుడే. అంతమంది డ్రైవర్ల ముందు ఎలా చెప్పను? ఏడిస్తే అందరూ చూస్తారు. రేపు, కాస్త ఖాళీ చూసుకుని.

ఫిబ్రవరి 20

ఈరోజు బండి దగ్గర ఎవరూ లేరు.

వాతావరణం గురించి మాట్లాడాను. వడగళ్ళు పడతాయేమో అన్నాను. “పడనీ” అంది. కొసరు పోసింది, తాగేసి వచ్చాను.

అది నిజంగానే నిమ్మళంగా ఉంది. నమ్మకం ఉన్న మనిషి, నాలా కాదు. ఇప్పుడు చెబితే ఆ నిమ్మళం కూడా పోతుంది. పైగా మాట తప్పానని తెలిస్తే, అదీ బీరు అని తెలిస్తే తట్టుకోలేదు. దాని మంచికే ఆగుతున్నాను. ఇంకా రేపంతా ఉంది కదా ఫోన్ చెయ్యడానికి.

ఫిబ్రవరి 21, బుధవారం

షాపు తెరవలేదు. కడుపునొప్పి.

ఫిబ్రవరి 22

కడుపునొప్పి ఏమీ లేదు. నా డైరీలో నాకే అబద్ధాలు రాసుకుంటున్నాను, సిగ్గు లేకపోతే సరి.

పొద్దున్నే వెళ్ళాను. అది అపి కలుపుతోంది, గరిటె ఆగకుండా తిరుగుతోంది. నేను గ్లాసు అందుకోలేదు. నిలబడే చెప్పాను.

“ఫెలీసా, నెట్ పోగొట్టింది దేవుడు కాదు. నేను.”

గరిటె తిరుగుతూనే ఉంది.

“మంగళవారం నీ మెషీన్‌కి చాల్య చేశాను. మాటిచ్చి తప్పాను. మూత విప్పి కార్డు మీదే పోశాను. బీరు. కడిగి చూశాను, ఇప్పుడు నెట్ పోవడమే లేదు. కార్డు మంచిది, తీగలు మంచివి, నీ పక్కింటి వైఫై మంచిది. నా చెయ్యే...”

తిడుతుందని చూశాను. అది గరిటె వదిలేసి, తడి చేతులతోనే మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. చేతులు తీస్తే కళ్ళలో నీళ్ళున్న మాట నిజమే గానీ, నవ్వుతోంది!

“అంటే ఆయన కాదా? ఆయన వద్దనలేదా అక్కా?”

“ఆయన ఏమీ అనలేదే తల్లీ. ఆయనకి ఈ సంగతే తెలీదు.”

“స్తోత్రం ప్రభువా!” అని ఆకాశం వైపు చూసింది. “వారం రోజులుగా మోకాళ్ళ మీద పడి అడుగుతున్నా, నా తప్పేంటో చెప్పు నాయనా, దిద్దుకుంటా అని. నా గొంతు కూడా వినడం మానేశాడేమో అనుకున్నా.” నన్ను గట్టిగా కావలించుకుంది. దాని శాలువా నిండా దాల్చినచెక్క వాసన. “నీ బీరు సంగతి తర్వాత చూసుకుంటాలే. నీకు వాతలు పెడతా. ముందు ఫోన్ చెయ్యాలి, శనివారం పరీక్ష ఉందిగా, ఎవరికి చెయ్యాలి, నంబరు ఇంట్లో...”

మధ్యలోనే ఆగిపోయింది.

“ఇవాళ గురువారం” అంది.

నేను బండి మీది గ్లాసులు చూస్తూ నిలబడ్డాను.

“నీకెప్పుడు తెలిసింది?”

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నిన్ననే విప్పి చూశానని. నాలుక చివరిదాకా వచ్చింది.

“శనివారం.”

“సోమవారం వచ్చావు. మంగళవారం వచ్చావు. వడగళ్ళ గురించి మాట్లాడావు.”

“చెబుదామనే వచ్చానే...”

“అపి తాగి వెళ్ళావు.”

నన్ను వదిలేసింది. తొయ్యలేదు, చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. గరిటె అందుకుని అడుగంటిన అపిని గీకసాగింది. డ్రైవర్లు వచ్చారు. వాళ్ళకి పోసింది, చిల్లర ఇచ్చింది, ఒకడు ఏదో హాస్యమాడితే నవ్వింది కూడా. నేను పక్కనే నిలబడ్డాను. కాసేపయ్యాక, అడ్డంగా ఉన్నానని నాకే అర్థమై వచ్చేశాను.

ఫిబ్రవరి 23

కాలేజీకి ఫోన్ చేశాను. నా తప్పని, నేనే పాడుచేశానని, రాసి సంతకం పెట్టి ఇస్తానని బతిమాలాను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. “బుధవారం సాయంత్రం వరకూ చూశామండీ. గడువు అయిపోయింది. నిన్న పొద్దునే పేర్లు పంపేశాం” అంది. వచ్చే ఏడాది రమ్మంది. వచ్చే ఏడాదికి దానికి నలభై దాటుతాయి అన్నాను. “అయ్యో” అంది.

మంగళవారం చెప్పి ఉంటే? సోమవారం, డ్రైవర్ల ముందే చెప్పి ఉంటే ఏమయ్యేది? నలుగురు మగాళ్ళు చూసేవాళ్ళు, అంతేగా. బీరు పోసినప్పుడు తాగి ఉన్నాను. సోమవారం, మంగళవారం, బుధవారం ఒక్క చుక్క తాగలేదు. తెలివిగానే ఉన్నాను.

ఫిబ్రవరి 24, శనివారం

ఈపాటికి వాళ్ళు రాస్తూ ఉంటారు.

ఫిబ్రవరి 26

లాప్‌టాప్ తుడిచి, దాని ఇంటికి తీసుకెళ్ళాను. ఫెలీసా తలుపు తీయలేదు. పక్కింటావిడకి ఇచ్చి వచ్చాను. నెట్ బాగా వస్తుందని చెప్పమన్నాను. ఎందుకు చెప్పమన్నానో!

మార్చి 1, మొదటి శుక్రవారం

ప్రతి నెలా మొదటి శుక్రవారం షాపులకి వేసే ధూపంతో గ్యాలరీ అంతా పొగే. ఇపోలితో నిప్పుల కుంపటి పట్టుకొచ్చి, “రా సెవెరీనా, షాపుకి ధూపం చూపించు, చాల్య నువ్వే చెయ్” అని సీసా చేతికిచ్చాడు. సీసా తిరిగిచ్చేశాను. “నువ్వే చేసుకో” అని షట్టర్ దించేసి బయటికి వచ్చాను. కాళ్ళు వాటంతట అవే దాని బండి వైపే నడిచాయి.

దూరం నుంచే చూశాను. కొత్త ఏప్రను కట్టుకుంది. వరసలో నా ముందు ఇద్దరున్నారు. నేనూ వరసలోనే నిలబడ్డాను. ఇదివరకెప్పుడూ వరసలో నిలబడలేదు, నేరుగా బండి వెనక్కి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చునేదాన్ని. నా వంతు వచ్చింది. తలెత్తి నా మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“ఏం కావాలి కసేరా?”

వేలితో అపి చూపించాను. గ్లాసు నింపింది, పైన పాస్తెల్ పెట్టింది. చెయ్యి చాపింది. డబ్బు ఇచ్చాను, లెక్క చూసుకుని ఏప్రను జేబులో వేసుకుంది. పక్కకి జరిగి నిలబడి తాగాను. వేడికి నాలుక కాలింది, అయినా ఆపకుండా తాగాను.

గ్లాసు సగమయ్యేసరికి, అందరికీ పోసినట్టే, నాకూ కొసరు పోసింది.